ఎన్ని రోజుల ఇల్లు?

కడపలో అద్దె ఇంటి కోసం తిరుగుతున్నాను. మొన్న ఒక బ్రోకరు ఫోన్ చేసి, "రేపు పొద్దున ఎనిమిదింటికి రండి మేడమ్, చల్లగా చూసుకుని పోవచ్చు" అన్నాడు. వద్దు, మధ్యాహ్నం మూడింటికి వస్తానన్నాను. మే నెల, కడప, మూడు గంటలు.

"ఆ టైముకు కుక్కలు గూడ బయటికి రావు మేడమ్" అన్నాడు.

"అందుకే" అన్నాను.

ఆ పట్టింపు నాకు నేనుగా వచ్చింది కాదు. ఇల్లు చూడటం నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఈ జనవరిలో పోయాడు. బండలు పరిచే మేస్త్రీ. నేను బనగానపల్లెలో హైస్కూలు టీచరుగా చేరిన కొత్తలో పరిచయం. అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. ఏడేళ్ల పరిచయంలో ఆయన కూడా నన్ను టీచరమ్మా అనే తప్ప ఇంకో మాట అనలేదు.

మొదటిసారి మా ఇంటికి వచ్చింది పనికే. నేనుండే అద్దె పోర్షన్‌లో హాలు బండలు రెండు కదులుతుంటే ఇంటి ఓనరు పంపాడు. భుజాన సంచీ, అందులో తాపీ, సుత్తి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, పని మొదలుపెట్టకుండా హాలు నడుమ నిలబడ్డాడు. ఉత్త కాళ్లతో, ఊరికే, ఏదో వింటున్నట్టు. తర్వాత చెంబుతో నీళ్లు అడిగాడు. తాగడానికనుకుని చల్లటివి తెచ్చిచ్చాను. రెండు గుక్కలు తాగి, మిగతావి నేల మీద పోసి, గొంతుకూర్చుని చూడటం మొదలుపెట్టాడు. నీళ్లు కాసేపు ఆలోచించి, మెల్లగా పడకగది గడప వైపు నడిచాయి.

"వాలు లోపలికి ఉండాది" అన్నాడు. "ఎవురు పరిచినారో గానీ, ఇల్లు కడిగినప్పుడల్లా నీళ్లు మీ మంచం కిందికి పోతాంటాయి. అవునా, కాదా?"

అవును. ఏడాదిగా అదే జరుగుతోంది. నేను చీపురుదే తప్పనుకున్నాను.

అంతటితో ఆగలేదు. పడమటి గోడ దగ్గరికి వెళ్లి, జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు అరచెయ్యి ఆనించాడు. పైకప్పు వైపు చూశాడు. అప్పుడడిగాడు:

"బాడుగ ఎంత టీచరమ్మా?"

బండలు సరిచేయడానికొచ్చిన మనిషికి నా బాడుగతో పనేమిటని లోపల చిరాకు పడ్డాను గానీ చెప్పాను. వేళ్ల కణుపుల మీద బొటనవేలితో లెక్కవేసి, "ఆరు రోజుల ఇల్లు" అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఆ ఇంట్లో నెల రోజులుండాలంటే ఆయన ఆరు రోజులు కూలి చేయాలట. ఏ ఊరికి పోయినా ఇళ్లను అలాగే కొలుస్తాడట. ఆ ఊళ్లో మేస్త్రీకి ఇచ్చే కూలి ఎంత, ఆ ఇంటి బాడుగ ఎంత, అంటే ఎన్ని రోజుల ఇల్లు.

"రూపాయల్లోనే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"రూపాయి యాడికి పోతే ఆడ ఒక తీరుగా ఉంటాది టీచరమ్మా. నా నడుము మారదు కదా. బనగానపల్లెలో దినమంతా వంగినా అదే నొప్పి, బెంగళూరులో వంగినా అదే నొప్పి."

సాంఘికశాస్త్రం పాఠం చెప్పే నాకు ధరల గురించి అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. టీ పెట్టిచ్చాను. అలా మొదలైంది.

ఆయన పని మూలంగా ఊళ్లు చాలా తిరిగాడు. మా పక్క నాపరాయి ఎక్కడికి లారీ ఎక్కితే ఆయన కూడా అక్కడికి బస్సెక్కేవాడు. బెంగళూరు, హైదరాబాదు, కేరళ, ఇటు కమలాపురం, వేంపల్లె. తిరిగొచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చేవాడు. స్వీట్లో బట్టలో తెచ్చేవాడు కాదు, ఇళ్ల సంగతులు తెచ్చేవాడు. హైదరాబాదులో ఒక్క గది, పంచలో పొయ్యి, పది రోజుల ఇల్లట. ఆదోనిలో అంతకు రెండింతల ఇల్లు నాలుగు రోజులకే వస్తుందట, కానీ కుళాయి ఎన్నాళ్లకొకసారి వస్తుందో ఆ ఇంటి ఆడవాళ్లు కూడా చెప్పలేకపోయారట. కేరళలో బావి ప్రతి ఇంటికీ ఉంటుందట, పెంకుల కప్పు వానకు చెవులు పగిలేలా మోగుతుందట. కర్నూలు గురించి చెబుతూ, "ఆడ ఇంటికొక బాడుగ, కరెంటుకొక బాడుగ. ఏసీ లేకుంటే ఆ స్లాబుల కింద మనిషి ఉడుకుతాడు. ఆ బిల్లు గూడ కలిపితే ఏడు రోజుల ఇల్లు పది రోజులయితాది. ఆ మాట బోర్డు మీద రాయరు" అన్నాడు.

ఆదివారం పని చేసేవాడు కాదు. పొద్దున చర్చికి పోయి, మధ్యాహ్నం తిని, ఇస్త్రీ చొక్కా అలాగే ఉంచుకుని టులెట్ బోర్డున్న ఇళ్లన్నీ చూడటానికి బయల్దేరేవాడు. ఇల్లు అవసరముండి కాదు. లోపల ఎలా ఉందో చూడకపోతే ఆయనకు మనసు నిలవదు. ఒకసారి నంద్యాలలో ఒక ఇంటి ఓనరు, అద్దెకు దిగుతాడనుకుని ఇల్లంతా చూపించి, కాఫీ ఇచ్చి, అడ్వాన్సు మాట ఎత్తాడట. "నాకు ఇల్లు ఉండాదిలే సామీ, ఊరికే చూడను వచ్చినా" అన్నాడట ఈయన. తిట్లు తిని వచ్చి, ఆ తిట్లతో సహా నాకు చెప్పి నవ్వాడు.

"పొద్దున చూస్తే అన్నీ మంచి ఇండ్లే టీచరమ్మా. పెండ్లిచూపులకు అందరూ పౌడరు పూసుకునే కూర్చుంటారు. మధ్యాన్నం మూడింటికి పోవాల, అదీ మే నెలలో. అప్పుడు ఇల్లు అబద్ధం చెప్పలేదు."

ఆయనకు ఒకటే పెద్ద సందేహం ఉండేది. దాన్ని నాతో, లారీ డ్రైవర్లతో, పాస్టరుతో, ఇంజనీర్లతో అడిగాడు. "ఒకటే సిమెంటు, ఒకటే కమ్మీ, ఇసుక గూడ ఒకటే. బండ మా ఊరిదే. ఆ బండ మీద మేం బట్టలుతుకుతాం, వాళ్లు దాని మీదనే కేకు కోస్తారు. అంతేగదా తేడా. మల్ల ఇల్లు అయ్యేపాటికి ఈడ ఒక ధర, ఆడ పదింతల ధర ఎట్లయితాది? ఆ మిగతా తొమ్మిదీ యాడికి పోతాండాయి?"

నేల ధర, ఉద్యోగాలు, జనం అంటూ నేనేదో పాఠం చెప్పబోయాను. శ్రద్ధగా విన్నాడు. "అది సరే. ఆ ఇంట్లో ఉండేవాళ్లకు ఆ తొమ్మిదీ కనపడతాండాయా అని అడుగుతాండా" అన్నాడు.

మేము బెంగళూరులో ఫ్లాటు కొనాలనుకున్న సంవత్సరం ఆయన్ను వెంటబెట్టుకుపోయాను.

మా ఆయన ఉద్యోగం బెంగళూరులో. శని, ఆదివారాలు ఆయన ఇటో, నేను అటో. ఇలా ఎన్నాళ్లని, అక్కడే ఒక ఫ్లాటు చూశాం. కొనాలంటే కడపలో మా నాన్న నా పేరున రాసిన ఇంటి స్థలం అమ్మాలి, పైన లోను తీసుకోవాలి. అమ్మకానికి మాట కూడా అనుకున్నాం. సంతకాలకు ముందు ఒక్కసారి మేస్త్రీకి చూపిద్దామంటే మా ఆయన నవ్వాడు. "పన్నెండో అంతస్తును బండలాయన ఏం చూస్తాడు?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు.

ఫ్లాటు చూపించే అమ్మాయి మెడలో కార్డు వేసుకుని చకచకా మాట్లాడేది. ఈత కొలను, జిమ్ము, పిల్లల పార్కు చూపించింది. మేస్త్రీ అన్నిటికీ తలూపాడు. ఫ్లాటు లోపలికి రాగానే చెప్పులు విప్పి హాల్లో నిలబడ్డాడు. గోడ తట్టాడు. స్నానాలగదిలోకి వెళ్లి మగ్గుతో నీళ్లు పోశాడు. నీళ్లు తూము వైపు పోలేదు. పోసిన చోటే గుండ్రంగా నిలబడ్డాయి. మేం నలుగురం వాటి చుట్టూ నిలబడి చూశాం. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

"నువ్వేం జేస్తావులేమ్మా, పరిచింది నువ్వు కాదు గదా" అన్నాడు ఆయనే.

బాల్కనీలోకి వెళ్లి చెయ్యి చాపాడు. పక్క ఫ్లాటు బాల్కనీ ఇనుప కడ్డీ దాదాపు అందింది. గాలి మాత్రం చల్లగా వీస్తోంది, ఏప్రిల్ నెలలో. ఆ గాలికి కాసేపు కళ్లు మూసుకున్నాడు. "దీనికే ఇస్తాండారు దుడ్డంతా" అన్నాడు. ఎగతాళిగా కాదు, ఒక సంగతి తెలిసినట్టు అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు.

"ఎన్ని రోజుల ఇల్లు సారూ?"

మా ఆయనకు ఆ లెక్క నేను ముందే చెప్పి ఉన్నాను. ఫోను తీసి వేశాడు. లోను కంతు ఆయన జీతంలో నెలకు పద్దెనిమిది రోజులు.

"ఎన్నేండ్లు?"

"ఇరవై."

మేస్త్రీ కొనమనలేదు, వద్దనలేదు.

దిగి వచ్చాక, ఇంత దూరం వచ్చాం గదా, నేను పరిచిన ఇల్లొకటి చూపిస్తా రమ్మని రెండు బస్సులు మార్చి పాత పేటలోకి తీసుకుపోయాడు. రెండంతస్తుల ఇల్లు. ఇంటావిడ అరవై దాటిన కన్నడ మనిషి, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిందట. తలుపు తీసి, "బన్ని మేస్త్రీ, బన్ని" అని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. నేలంతా మా ఊరి నల్లరాయి. ఎక్కడా అతుకు కాలికి తగలదు. మేస్త్రీ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ నేల మీద అటూ ఇటూ నడిచి, ఏ ఇంట్లోనైనా అడిగినట్టే, "ఈ ఇంట్లో ఎట్లుండాదమ్మా?" అని ఆవిడనూ అడిగాడు. ఆవిడ నాకు వచ్చీరాని తెలుగులో చెప్పింది: మూడు నెలలు పరిచాడట, ఒక్క బండ కూడా మార్చాల్సిన అవసరం రాలేదట.

తిరుగు రైల్లో మేస్త్రీ అన్నాడు: "ఊర్లన్నీ తిరిగి చూసినా. చల్లగుంటే ఇరుకు. ఇశాలంగుంటే ఉడుకు. రెండూ బాగుంటే నా రోజులు చాలవు. రెండూ ఉండి, తక్కువ రోజుల్లో వచ్చే ఇల్లు ఒకటే చూసినా."

"ఎక్కడ?"

"మాదే. మే నెలలో రాండి. మూడింటికి."

వెళ్లాం, మా ఆయనా నేనూ. బనగానపల్లెకు గంట దూరంలో పల్లె. రాతిగోడల మట్టిమిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, వాటి మీద మూరెడు మందాన చవుడు మట్టి పోసిన పాతకాలపు కప్పు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. గడప దాటగానే ఎవరో తడిగుడ్డ కప్పినట్టయింది. ఫ్యాను లేదు. మేస్త్రీ మా ముఖాలే చూస్తున్నాడు. మా ఆయన ఈతచాప మీద వాలి, రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. మేస్త్రీ గొంతు తగ్గించి, "చూసినారా? బెంగళూరు గాలి. బాడుగ లేదు, కరెంటు లేదు. సున్నా రోజుల ఇల్లు" అన్నాడు.

నేను లేచి ఆయన భార్యను పలకరిద్దామని వంటింటి వైపు వెళ్లాను. అక్కడ కాసేపు నాకేమీ కనపడలేదు. కిటికీ లేదు. కప్పులో చెయ్యి పట్టేంత కంత ఒకటి, దాన్లోంచి వెలుతురు కర్రలా దిగుతోంది. ఆ వెలుతురు అంచున నేల మీద కూర్చుని ఆమె వడలు కాలుస్తోంది. గ్యాసు పొయ్యి కూడా నేల మీదే. ఆమెది ఆదోని పక్క పల్లె, మాటలో కన్నడం కలుస్తుంది.

"ఇల్లు చల్లగా ఉంది అక్కా" అన్నాను.

"ఉంటాదిమ్మా. రెండు నెలలు శానా చల్లగుంటాది" అంది. వడ తిప్పి, "మిగతా పది నెలలు ఎవురూ చూడను రారు" అంది.

అప్పుడు తెలిసింది. ఆ యేడు సర్కారు ఇచ్చే ఇళ్ల బిల్లు కోసం హౌసింగు ఆఫీసు నుంచి మనిషి వచ్చాడట. ఆమె పేరున ఇల్లు మంజూరవుతుంది, పాత మిద్దె పడగొట్టి స్థలం చూపించాలి అన్నాడట. మేస్త్రీ ఆ మాటకే మండిపడి పంపేశాడట. ఆమె చెబుతుండగా మేస్త్రీ వెనక వచ్చి నిలబడ్డాడు.

"పడగొట్టి? ఆ స్లాబు పెట్టె కట్టుకోనా? ఎన్ని ఊర్లు తిరిగినా, ఎన్ని ఇండ్లు చూసినా, ఇట్లాటిది ఇంగోటి లేదు" అన్నాడు.

"ఎన్ని ఇండ్లు చూసినావు?" అంది ఆమె, వడల మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఎన్నో. లెక్క లేదు."

"అన్నిట్లో అడుగుతావంట గదా, ఈ ఇంట్లో ఎట్లుండాదమ్మా అని. టీచరమ్మనూ అడిగినావు, బెంగళూరామెనూ అడిగినావు. నన్ను ఎప్పుడన్నా అడిగినావా?"

మేస్త్రీ తలెత్తి కప్పులోని కంత వైపు చూశాడు.

"వానొస్తే మిద్దె ఎవురెక్కుతారు? కారే తావుల పొయ్యను చవుడు గంప నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎవురెక్కుతారు? నువ్వు కేరళలో ఉంటావు. చిన్నది కడుపులో ఉండంగ గూడ ఎక్కినా. ఎన్నిసార్లు తేళ్లు పడినాయో నీకు తెల్దు. చల్లన, చల్లన అంటావు. చల్లదనం నీకు, చవుడు నాకు."

ఆమె గొంతు పెంచలేదు. వడలు పళ్లెంలో పెట్టి నా చేతికిచ్చింది. మా ఆయన నిద్రలేచి, ఏమీ తెలియక, వడలు బాగున్నాయని మెచ్చుకున్నాడు. మేస్త్రీ ఒక్కటి కూడా ముట్టలేదు. మమ్మల్ని బస్సెక్కించేటప్పుడు కూడా ఇళ్ల మాట ఎత్తలేదు. ఆయన నోట ఇళ్ల మాట రాకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ యేడు వానాకాలం ఆయన ఏ ఊరికీ పోలేదు. కేరళ నుంచి పిలుపొచ్చినా రానన్నాడట. తర్వాత ఒకరోజు స్కూలు దగ్గరికొచ్చి, గేటు పక్క వేపచెట్టు కింద నిలబడి చెప్పాడు.

"మొన్న మధ్యాన్నం మబ్బుపట్టి వాన దంచింది టీచరమ్మా. నేనే గంపెత్తుకుని ఎక్కినా. రెండుసార్లు జారినా. కిందికొస్తే ఇంట్లో మూడు తావుల కారుతాంది. ఆయమ్మ గిన్నెలు పెడతాంది. పైకి చూడను గూడ లేదు. ఇది ఈడ, అది ఆడ, చిన్నచెంబు మూలకు. పెట్టినాక చినుకు సరిగ్గా గిన్నెలోనే పడతాంది. పెండ్లయి ఇరవై రెండేండ్లు. నీళ్లు యాడికి పోతాయో తెలిసినోణ్ణని తిరిగినా గదా నేను. మా ఇంట్లో నీళ్లు యాడ పడతాయో నాకు తెల్దు."

మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మిద్దె పడగొట్టలేదు. వెనక పశువుల కొట్టం స్థలం ఖాళీ చేసి, కొలతలు వేయించి, భార్య పేరున అక్కడే మంజూరు చేయించుకున్నాడు. దానికే ఎనిమిది నెలలు పట్టింది. బిల్లు చాలలేదు, మిగతాది తన రోజులు పోసి కట్టాడు. గోడలు లేచాక నన్ను పిలిచాడు. వెళ్లేసరికి భార్యను గోడకు ఆనించి నిలబెట్టి, మోచెయ్యి మడిచి చూపించమంటున్నాడు. ఆమె సిగ్గుతో నవ్వుతోంది. ఆ మోచేతి కింద బొగ్గుతో గీత గీశాడు.

"వంటింటి గట్టుకు. బెంగళూరులో ఎన్ని వందల గట్లకు బండ పెట్టినానో. అన్నీ ఇంజనీరు చెప్పిన ఎత్తే. దాని ముందర నిలబడేది ఎవురు, ఎంత పొడుగు అని ఒక్కసారన్నా అడగలేదు" అన్నాడు. ఆమె వీధి కనపడేలా కిటికీ కావాలంది. రెండుసార్లు కొలిపించి పెట్టాడు.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, ఆ బెంగళూరు ఫ్లాటులో మీరు వంటింట్లో నిలబడినారా?"

ఆలోచించాను. హాలు చూశాం, బాల్కనీ చూశాం, స్నానాలగదిలో నిలిచిన నీళ్లు చూశాం. వంటింట్లోకి తలుపు దగ్గర నుంచే తొంగిచూసి బాగుందన్నాను. లోను కాగితాల్లో ఒకదాని వెనక ఒకటి కొర్రీలు పడి, ఏడాదికి పైగా సంతకాలు వెనక్కి జరుగుతూ వచ్చాయి కాబట్టి ఇంకా కొనలేదు. ఆ శనివారం వెళ్లి నిలబడ్డాను. గట్టు నా మోచేతుల కంటే ఎత్తుకు వచ్చింది. కిటికీ తెరిస్తే మూడడుగుల దూరంలో పైపుల గోడ. మా ఆయన, "ఎత్తయితే ఏముంది, నేను వండుతా" అన్నాడు. ఆయన కూడా నా పక్కనే కాసేపు నిలబడి ఆ పైపుల్ని చూశాడు. "ఇరవై ఏళ్లా?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

కొనలేదు. నేను కడపకు బదిలీ పెట్టుకున్నాను, అది ఈ యేడే వచ్చింది. ఆయన ఆఫీసులో అడిగి నెలకు వారం బెంగళూరు, మిగతా రోజులు ఇంటి నుంచి పని అని ఒప్పించుకున్నాడు. అది తెలివైన పనో కాదో నాకింకా తెలియదు. ఫ్లాటు ధర తర్వాత బాగా పెరిగిందని స్నేహితులు చెబుతుంటారు. ఈ ఎండల్లో మా ఆయన ఆ గాలిని తలుచుకుంటుంటాడు. మా స్థలంలో ఇల్లు కట్టేదాకా ఉండటానికే ఇప్పుడీ అద్దె ఇంటి వెతుకులాట.

మేస్త్రీకి దగ్గు అప్పటికే ఉండేది. మిషనుతో బండ కోసేటప్పుడు లేచే దుమ్ము ముప్పై ఏళ్లు పీల్చాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడ్డాయన్నారట. చివరి రెండేళ్లు పని లేదు. ఎండాకాలం మంచం మిద్దెలో, వానాకాలం కొత్త ఇంట్లో. పలకరించడానికి వెళ్తే ఊపిరి అందక, మాట మాటకూ ఆగుతూ, కడపలో ఇళ్లు ఎన్ని రోజులకు దొరుకుతున్నాయని అడిగాడు. తను పని చేయడం మానేశాడు కాబట్టి కూలి ఇప్పుడెంతో ముందు ఎవరినైనా అడిగి కనుక్కోమన్నాడు.

జనవరిలో పోయాడు. సమాధి చేసే రోజుకు అందుకోలేకపోయాను. నెల తర్వాత వెళ్లాను. ఆమె కొత్త వంటింట్లో నిలబడి టీ పెట్టిచ్చింది. కాసేపు ఏవేవో మాట్లాడాక, ఉన్నట్టుండి అంది:

"నన్ను ఒకసారి బెంగళూరు తీసకపోతావా టీచరమ్మా? ఆయప్ప చూడని ఇల్లు లేదు. నేను పుట్టిల్లూ ఈ రెండూ తప్ప ఏ ఇల్లూ చూడలేదు."

స్కూలుకు సెలవులివ్వగానే తీసుకెళ్లాను. ఆ కన్నడావిడ ఇంటికే. మేస్త్రీ పోయాడని చెబితే ఆవిడ చాలాసేపు ఈమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కన్నడంలో మాట్లాడుకున్నారు, నాకు సగం సగం అర్థమయింది. ఆవిడ ఇల్లంతా తిప్పి నేల చూపించింది. ఈమె తలూపుతూ నడిచింది. నేను ఎదురుచూసినంత సంతోషం గానీ దుఃఖం గానీ ఆమె ముఖంలో కనపడలేదు. హాలు, గదులు, పైఅంతస్తు అన్నీ అయ్యాక ఆగి, ఏదో అడిగింది.

ఇంటావిడ తెలుగులోకి మార్చి నాకు చెప్పింది: "మేస్త్రీ ఇక్కడ పని చేసిన మూడు నెలలు ఎక్కడ పడుకునేవాడని అడుగుతోంది."

తర్వాత మమ్మల్ని వెనక్కి తీసుకెళ్లింది. మెట్ల కింద నీళ్ల మోటారు పెట్టిన గూడు. అప్పట్లో అక్కడ సిమెంటు బస్తాలుండేవట, వాటి పక్కనే చాప వేసుకునేవాడట. గది ఇస్తామంటే దుమ్ము బట్టలతో ఎందుకని వద్దన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

ఇన్ని ఊళ్ల ఇన్ని ఇళ్ల గురించి చెప్పిన మనిషి, ఆ ఊళ్లలో తనెక్కడుండేవాడో ఏనాడూ చెప్పలేదు. అడగాలని నాకూ తట్టలేదు.

ఆమె వంగి, తల తగలకుండా ఆ గూట్లోకి వెళ్లింది. గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంటావిడా నేనూ బయట నిలబడ్డాం. పైన ఎవరో మెట్లు దిగిన చప్పుడు ఆమె నెత్తి మీదుగా పోయింది. అయిదు నిమిషాలో, పదో తెలియదు. బయటికొచ్చి చీర దులుపుకుంది.

"కాళ్లు చాపుకోను గూడ చోటు లేదు" అంది.